జీవిత భాగస్వామికి కిడ్నీ దానం: ఇద్దరూ కోలుకునే దాకా

భార్యాభర్తల బంధాన్ని తెలియజేయడానికి దివ్య ఖుర్ఆన్ వస్త్రాన్ని ఉపమానంగా తీసుకుంది. భార్య భర్తకు, భర్త భార్యకు వస్త్రం వంటి వారని అల్లాహ్ సెలవిచ్చాడు (బఖర: 187). వస్త్రం ఒంటిని కప్పుతుంది, ఎండవానల నుంచి కాపాడుతుంది, మనిషికి అందం తెస్తుంది. మరోచోట, ఆ ఇద్దరి మధ్య ప్రేమను, కారుణ్యాన్ని కలిగించడం తన సూచనల్లో ఒకటని చెప్పాడు (రూమ్: 21). ప్రేమ సుఖంలో ఉన్నప్పుడు తెలుస్తుంది. కారుణ్యం రోగం వచ్చినప్పుడు బయటపడుతుంది.

చోడవరంలో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భర్తకు నలభై ఐదేళ్లు. చక్కెర వ్యాధి, రక్తపోటు కలిసి రెండు కిడ్నీలనూ దెబ్బతీశాయి. వారానికి రెండు మూడుసార్లు, సుమారు యాభై కిలోమీటర్ల దూరంలోని విశాఖకు డయాలిసిస్ కోసం వెళ్తున్నాడు. తెల్లవారుజామున బయలుదేరితే మళ్లీ ఇల్లు చేరేసరికి సాయంత్రం. పని పోయింది, అప్పు పెరిగింది. కిడ్నీ మార్పిడి మంచిదని డాక్టరు చెప్పారు. "నాది ఇస్తాను" అంది భార్య.

ఆ మాట వెంట ఎన్నో ప్రశ్నలు వస్తాయి. షరీయత్ దీన్ని అనుమతిస్తుందా? ఆమె నిజంగా ఇష్టపడే ఇస్తోందా? ఆపరేషన్ తరువాత ఇద్దరూ మంచం మీద ఉంటే ఇల్లు ఎవరు చూస్తారు? నమాజు, రోజా సంగతేమిటి? ఈ పాఠంలో వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. ఆపరేషన్ గురించి చాలామంది మాట్లాడతారు. దానికి ముందు తీసుకోవలసిన సమ్మతి గురించి, తరువాత ఇచ్చిన మనిషికి దక్కవలసిన సేవ గురించి మాట్లాడేవారు తక్కువ. మేము ముఖ్యంగా చెప్పదలచింది ఈ రెండింటి గురించే.

వైద్యం చేయించుకోవడం విశ్వాసంలో భాగమే

"అల్లాహ్ రాసిపెట్టింది జరుగుతుంది, ఇక ఆసుపత్రులెందుకు?" అనేవారు మన ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు. ఇది తవక్కుల్ కాదు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా ఉపదేశించారు. అల్లాహ్ ఏ వ్యాధినీ దానికి మందు లేకుండా పుట్టించలేదని, ముసలితనం మాత్రమే దీనికి మినహాయింపని తెలిపారు (అబూదావూద్, తిర్మిజీ).

కిడ్నీ వ్యాధి ఉత్తరాంధ్రకు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో అది ఎన్ని ఇళ్లను కుంగదీసిందో అందరికీ తెలుసు. అక్కడి రోగుల కోసం పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. చోడవరం 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. జిల్లా మారినా పెద్ద జబ్బు వస్తే ఇక్కడివారు విశాఖ దారే పడతారు.

డయాలిసిస్ రక్తాన్ని యంత్రంతో శుభ్రం చేస్తుంది. ఒక్కోసారికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. ప్రాణాన్ని నిలుపుతుంది కానీ కిడ్నీ చేసే పనులన్నీ చేయలేదు. సరైన రోగికి మార్పిడి జరిగితే ఆయుష్షూ, జీవన నాణ్యతా డయాలిసిస్ కంటే మెరుగ్గా ఉంటాయి. ప్రపంచంలో మొదటిసారి కిడ్నీ మార్పిడి పూర్తిగా విజయవంతమైంది 1954 డిసెంబరు 23న, అమెరికాలోని బోస్టన్‌లో. ఒక కవల సోదరుడు తన సోదరుడికి కిడ్నీ ఇచ్చాడు. ఆపరేషన్ చేసిన డాక్టర్ జోసెఫ్ ముర్రేకి 1990లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు ఈ చికిత్సలో విజయం సాధించారు.

ధర్మవేత్తలు ఏమంటున్నారు?

అవయవ మార్పిడి దైవప్రవక్త (స) కాలంలో లేదు. కాబట్టి ధర్మవేత్తలు ఖుర్ఆన్, హదీసుల మూల సూత్రాల వెలుగులో దీన్ని పరిశీలించారు. వారిలో అభిప్రాయ భేదం ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు.

మానవ శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్ అని, దానిలోని భాగాన్ని మరొకరికి ఇచ్చే అధికారం మనిషికి లేదని కొందరు పెద్దలు అభిప్రాయపడ్డారు. పాకిస్తాన్‌కు చెందిన ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మతుల్లాహి అలైహ్) వంటి గొప్ప విద్వాంసులు ఈ పక్షాన ఉన్నారు. మానవ దేహ గౌరవం పట్ల వారికి ఉన్న శ్రద్ధను మనం గౌరవించాలి.

మరోవైపు, ఇస్లామీ సహకార సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ 1988లో జిద్దాలో జరిగిన సమావేశంలో దీన్ని షరతులతో అనుమతించింది. మన దేశంలో ఖాజీ ముజాహిదుల్ ఇస్లామ్ ఖాస్మీ సారథ్యంలోని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1989లో ఢిల్లీలో జరిపిన తొలి సదస్సులో ఈ విషయాన్ని చర్చించింది. ఒక కిడ్నీ తీసినా దాత ఆరోగ్యానికి హాని ఉండదని నిపుణులైన వైద్యులు భావించినప్పుడు, కిడ్నీ మారిస్తే తప్ప రోగి బంధువు బతకడని తేలినప్పుడు, వెల తీసుకోకుండా కిడ్నీ ఇచ్చి అతని ప్రాణం కాపాడటం ధర్మసమ్మతమేనన్నది ఆ సదస్సు నిర్ణయ సారాంశం. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు మానవాళి అంతటినీ కాపాడినవాడితో సమానమన్న ఖుర్ఆన్ బోధ (మాయిదా: 32) ఈ అభిప్రాయానికి బలమైన ఆధారం.

ఈ నిర్ణయాల సారాన్ని మన ఇళ్లకు అర్థమయ్యేలా చెప్పుకుంటే షరతులు ఇవి:

1. రోగికి మార్పిడి నిజంగా అవసరమై ఉండాలి.
2. దాత ప్రాణానికి ముప్పు ఉండకూడదు. ఒకరి హానిని మరొకరికి హాని చేసి తొలగించకూడదు. హాని చేయరాదు, హానికి బదులు హాని చేయరాదు అన్నది దైవప్రవక్త (స) ఇచ్చిన మూల సూత్రం (ఇబ్నెమాజా).
3. దాత యుక్తవయస్సు, వివేకం గలవారై, తమ ఇష్టంతో ఇవ్వాలి.
4. ఇందులో అమ్మకం, కొనుగోలు ఉండకూడదు. డబ్బే కాదు, ఆస్తి రాసిస్తామనడం, మహర్ మాఫీ చేయమనడం వంటి బేరాలకు దీనిలో చోటు లేదు.

మనసులో సందేహం మిగిలినవారు తాము నమ్మే ముఫ్తీ సాహెబ్‌ను అడిగి నిర్ణయించుకోవాలి. డాక్టరు రిపోర్టులు కూడా వెంట తీసుకెళ్లి చూపిస్తే వారు సరైన మాట చెప్పగలుగుతారు.

రక్తసంబంధం లేకపోయినా కిడ్నీ కలుస్తుందా?

"తల్లిదో తమ్ముడిదో అయితే కలుస్తుంది, భార్యది ఎలా కలుస్తుంది? వేరే రక్తం కదా!" అని పెద్దవాళ్లు అంటుంటారు. ఒకప్పుడు వైద్యులూ ఇలాగే అనుకున్నారు. 1995లో అమెరికా పరిశోధకుడు పాల్ తెరసాకి, ఆయన సహచరులు ప్రచురించిన లెక్కలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. జీవిత భాగస్వాములు ఇచ్చిన 368 కిడ్నీల్లో మూడేళ్ల తరువాత నూటికి 85 పనిచేస్తున్నాయి. తల్లిదండ్రులు ఇచ్చిన వాటిలో అది 82. మరణించినవారి నుంచి తీసినవి 70. బతికున్న ఆరోగ్యవంతుని నుంచి వచ్చిన కిడ్నీ దెబ్బతినకుండా ఉండటం దీనికి ముఖ్య కారణమని వారు వివరించారు.

ముందుగా చూసేది రక్తం గ్రూపు. ఓ గ్రూపు వారు ఏ గ్రూపు వారికైనా ఇవ్వవచ్చు. ఏబీ గ్రూపు వారు ఎవరి నుంచైనా తీసుకోవచ్చు. పాజిటివ్, నెగెటివ్ తేడా కిడ్నీకి అడ్డు కాదు. తరువాత క్రాస్‌మ్యాచ్ పరీక్ష చేస్తారు. రోగి రక్తం దాత కణాలపై దాడి చేస్తుందా అని ఇందులో తెలుస్తుంది.

దంపతుల విషయంలో ఒక సంగతి తెలుసుకోవాలి. గర్భం దాల్చినప్పుడు బిడ్డలోని తండ్రి లక్షణాలకు వ్యతిరేకంగా తల్లి రక్తంలో కొన్ని ప్రతిరక్షకాలు తయారు కావచ్చు. కాబట్టి బిడ్డలను కన్న భార్యకు భర్త కిడ్నీ ఇవ్వదలచినప్పుడు క్రాస్‌మ్యాచ్ మరింత ముఖ్యం. కలవకపోతే అది ఎవరి తప్పూ కాదు. "నా కిడ్నీ కూడా నీకు పనికిరాలేదు" అని భర్త బాధపడనక్కరలేదు.

గ్రూపు కలవని రెండు జంటలు పరస్పరం మార్చుకునే పద్ధతి కూడా ఉంది. ఈ భార్య ఆ భర్తకు, ఆ భార్య ఈ భర్తకు ఇస్తారు. కేంద్ర చట్టానికి 2011లో చేసిన సవరణ దీనికి చోటిచ్చింది. ఇలాంటి సందర్భం వస్తే వైద్యుడితో పాటు ధర్మవేత్తనూ సంప్రదించండి.

"ఇది ఆజ్ఞా?" - బరీరా (రజి) అడిగిన ప్రశ్న

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలు. పుచ్చుకునేవారిలో ఎక్కువమంది పురుషులు. భార్య ఇవ్వడం సహజమనీ, భర్త ఇవ్వడం వింత అనీ మన ఇళ్లలో ఒక భావన నాటుకుపోయింది. "అతను సంపాదించేవాడు, అతనికి కోత పెడితే ఇల్లు గడిచేదెలా?" అంటారు. ఆమె చేసే చాకిరీ ఆగిపోతే ఇల్లు గడుస్తుందా అని ఎవరూ అడగరు.

త్యాగం గొప్పదే. తమకు అవసరం ఉండి కూడా ఇతరులకు ప్రాధాన్యమిచ్చిన అన్సారులను ఖుర్ఆన్ మెచ్చుకుంది (హష్ర్: 9). దైవప్రవక్త (స) కుమార్తె జైనబ్ (రజి) బద్ర్ యుద్ధంలో బందీ అయిన తన భర్తను విడిపించడానికి, తల్లి ఖదీజా (రజి) పెళ్లికి ఇచ్చిన హారాన్నే పంపించారు. అయితే ఆమె ఆ హారాన్ని మనస్ఫూర్తిగా పంపారు. ఎవరో లాక్కుని పంపింది కాదు.

మనస్ఫూర్తిగా అంటే ఏమిటో బుఖారీలోని ఒక సంఘటన నేర్పుతుంది. బరీరా (రజి) బానిసత్వం నుంచి విముక్తి పొందారు. బానిసగా ఉన్న భర్త ముగీస్‌తో కొనసాగాలో వద్దో తేల్చుకునే హక్కు ఆమెకు వచ్చింది. ఆమె విడిపోదలిచారు. ముగీస్ (రజి) కన్నీళ్లతో గడ్డం తడిసిపోతుండగా మదీనా వీధుల్లో ఆమె వెనకాలే తిరిగేవారు. దైవప్రవక్త (స) మనసు కరిగింది. నీవు అతని దగ్గరకు తిరిగి వెళ్తే బాగుంటుంది కదా అన్నారు. తమరు నాకు ఆజ్ఞ ఇస్తున్నారా అని బరీరా (రజి) అడిగారు. ఆజ్ఞ కాదు, సిఫారసు మాత్రమేనని ఆయన (స) జవాబిచ్చారు. అలాగైతే నాకు అతని అవసరం లేదని ఆమె చెప్పేశారు. దైవప్రవక్త (స) ఆమెను మందలించలేదు, నిందించలేదు.

సోదరులారా! అల్లాహ్ ప్రవక్త (స) చేసిన సిఫారసును సైతం కాదనే స్వేచ్ఛ ఒక సామాన్య స్త్రీకి ఉందంటే, అత్తమామలు, ఆడపడుచులు, చివరికి కన్న తల్లిదండ్రులు చేసే ఒత్తిడి ఆజ్ఞ ఎలా అవుతుంది? భార్య భర్తకు విధేయురాలై ఉండాలన్న బోధను ఇక్కడికి లాక్కురావడం ధర్మం కాదు. ఆమె దేహం ఆమెకు అల్లాహ్ అప్పగించిన అమానత్. ఇవ్వలేనని చెప్పిన భార్య అవిధేయురాలు కాదు, భర్తను చంపినది కాదు. ఇవ్వలేనన్న భర్తకూ ఇదే వర్తిస్తుంది. ప్రాణాపాయంలో ఉన్నవారికి సేవ చేయడం, డయాలిసిస్‌కు తోడు వెళ్లడం, ఖర్చుకు పాట్లు పడటం కూడా పుణ్యకార్యాలే.

దేశ చట్టం కూడా ఈ విషయంలో జాగ్రత్త తీసుకుంది. కేంద్రం 1994లో అవయవ మార్పిడి చట్టాన్ని చేసింది. మన రాష్ట్రం 1995లో చేసుకుంది. కేంద్ర చట్టం కింద 2014లో వచ్చిన నియమాల ప్రకారం, దాత స్త్రీ అయినప్పుడు మరింత జాగ్రత్త వహించాలి. ఆమె స్వతంత్రంగా ఒప్పుకుందా లేదా అన్నది కిడ్నీ పుచ్చుకునే వ్యక్తి కాక వేరొకరు నిర్ధారించాలి. కాబట్టి డాక్టరు భార్యను ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడితే భర్త చిన్నబుచ్చుకోకూడదు. అది ఆమె హక్కు. ఆ గదిలో ఆమె తన భయాన్ని దాచకుండా చెప్పుకోవచ్చు. ఆఖరి నిమిషంలో మనసు మార్చుకున్నా తప్పు లేదు.

భార్యాభర్తలు దగ్గరి బంధువుల కిందికే వస్తారు. అయినా వివాహానికి రుజువు చూపాలి. నికాహ్‌నామా, పెళ్లి ఫోటోలు, పిల్లల జనన పత్రాలు, ఆధార్ కార్డుల వంటివి సిద్ధంగా ఉంచుకోండి. అన్నిచోట్లా పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. కిడ్నీ అమ్మకం నేరం. కేంద్ర చట్టం ప్రకారం దానికి అయిదు నుంచి పదేళ్ల జైలు, ఇరవై లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంటాయి. దళారుల మాటలకు మోసపోవద్దు.

దాతకు నిజం చెప్పాలి

"ఏమీ కాదు, చిన్న ఆపరేషన్" అని చెప్పి ఒప్పించడం మోసం. తెలియకుండా ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు.

ఆరోగ్యవంతులకు ఒక కిడ్నీ సరిపోతుంది. మిగిలిన కిడ్నీ కొంత పెరిగి, రెండూ కలిసి చేసే పనిలో సుమారు నూటికి డెబ్బై వంతు చేయగలుగుతుంది. కానీ ప్రమాదం సున్నా కాదు. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో (2010) పది వేల మంది దాతల్లో సుమారు ముగ్గురు ఆపరేషన్ జరిగిన 90 రోజుల్లోపు చనిపోయినట్లు తేలింది. 2014లో వెలువడిన మరో అధ్యయనం ప్రకారం, జీవితకాలంలో కిడ్నీ పూర్తిగా చెడిపోయే అవకాశం పది వేల మంది దాతల్లో 90 మందికి, దానం చేయని ఆరోగ్యవంతుల్లో 14 మందికి ఉంటుందని అంచనా. అంటే ప్రమాదం తక్కువే, కానీ ఉంది. దానం తరువాత గర్భం దాల్చిన స్త్రీలలో రక్తపోటు సమస్యలు కొంత ఎక్కువగా కనిపించాయి. ఇంకా పిల్లలు కావాలనుకునే యువతి ఈ విషయం డాక్టరుతో విడిగా మాట్లాడాలి.

చక్కెర వ్యాధి, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారిని సాధారణంగా దాతలుగా తీసుకోరు. పరీక్షల్లో దాత పనికిరారని తేలితే నిరాశపడకండి. అల్లాహ్ ఆ పరీక్షల ద్వారా దాతలో దాగి ఉన్న వ్యాధిని ముందే తెలియజేసి ఉండవచ్చు.

రెండు మంచాలు, ఇద్దరు రోగులు

ఆపరేషన్ రోజున అందరి దృష్టీ కిడ్నీ పుచ్చుకున్నవారి మీదే ఉంటుంది. మూత్రం వచ్చిందా, క్రియాటినిన్ ఎంత తగ్గింది అని అడుగుతారు. పక్క గదిలో కిడ్నీ ఇచ్చిన మనిషి నొప్పితో పడుకుని ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, పుచ్చుకున్నవారు చాన్నాళ్ల జబ్బు తగ్గి తేలికపడుతుంటే, నిన్నటిదాకా ఆరోగ్యంగా ఉన్న దాత ఒక్కసారిగా నీరసపడుతుంది. ఇల్లు మరిచిపోయేది ఈ దాతనే.

లాప్రోస్కోపీ పద్ధతిలో కిడ్నీ తీస్తే దాత సాధారణంగా నాలుగైదు రోజుల్లో ఇంటికి వస్తుంది. ఇంటికి వచ్చినంత మాత్రాన కోలుకున్నట్లు కాదు. మామూలు పనులకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా, చంటిపిల్ల అన్నీ బరువులే. చెరకు తోటలో కూలికి వెళ్లే మనిషైతే ఇంకొంత కాలం ఆగాలి. కడుపు ఉబ్బరం, భుజం నొప్పి, అలసట, కారణం లేని ఏడుపు కొన్నాళ్లు ఉండవచ్చు. ఇది బలహీనమైన విశ్వాసానికి గుర్తు కాదు, శరీరం కోలుకునే తీరు.

పుచ్చుకున్నవారు ఆసుపత్రిలో వారం పది రోజులు ఉంటారు. కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు. పాత కిడ్నీలను చాలావరకు తీయరు. మొదటి వారాల్లో తరచూ రక్తపరీక్షలకు వెళ్లాలి కాబట్టి, చోడవరం నుంచి తిరగడం కంటే విశాఖలో ఆసుపత్రికి దగ్గరగా ఒక గది తీసుకోవడం మేలు. రోగనిరోధక శక్తిని అదుపులో ఉంచే మందులు కిడ్నీ ఉన్నంత కాలం వాడాలి. ఒక్క పూట కూడా మానకూడదు. జ్వరం, మూత్రం తగ్గడం, ఒళ్లు వాచడం, బరువు పెరగడం, కిడ్నీ ఉన్నచోట నొప్పి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆహారంలో వేడివేడిగా వండినది, కాచిన నీళ్లు, కాచిన పాలు మంచివి. బయట కోసి అమ్మే పండ్లు, నిలవ కూరలు వద్దు. పంపర పనస కొన్ని మందుల మోతాదును రక్తంలో పెంచుతుంది, తినకూడదు. ఈ మందులతో చక్కెర వ్యాధి కొత్తగా రావచ్చు. మన ప్రాంతం బెల్లానికి పేరు. ప్రేమతో పరామర్శకు తెచ్చే అరిసెలు, మిఠాయిలు రోగికి మేలు చేయవు. డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు, నాటు మందులు వాడటం ఇద్దరికీ ప్రమాదమే.

ఇక ఇంటి పని. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని, నమాజు వేళ కాగానే వెళ్లేవారని ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). కాబట్టి వంటింట్లోకి వెళ్లడం ఇంటి మగవాళ్లకు నామోషీ కాదు. ఆపరేషన్‌కు ముందే ఇంటివారంతా కూర్చుని తేల్చుకోవలసినవి ఇవి: ఆరు వారాలు వంట ఎవరు చేస్తారు? పిల్లల బడి ఎవరు చూస్తారు? దాత దగ్గర ఎవరు ఉంటారు, రోగి దగ్గర ఎవరు ఉంటారు? దాతకు విడిగా ఒక మనిషి ఉండి తీరాలి. "నువ్వు లేచి తిరుగుతున్నావుగా, ఆయనకు కాస్త జావ కాచి ఇవ్వు" అనే మాట ఆ ఇంట్లో వినిపించకూడదు.

పరామర్శకు వెళ్లడం గొప్ప పుణ్యం. కానీ మొదటి మూడు నెలలు పుచ్చుకున్నవారికి అంటురోగాల భయం ఎక్కువ. గుంపుగా వెళ్లి గంటలకొద్దీ కూర్చోకండి. జలుబు, దగ్గు ఉంటే ఫోనులో పలకరించండి. వెళ్లినప్పుడు ఇద్దరి మంచాల దగ్గరా ఆగండి.

ఆరాధనల్లో అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యం

అల్లాహ్ ఎవరిపైనా వారి శక్తికి మించిన భారం మోపడు (బఖర: 286). మొలల వ్యాధితో బాధపడిన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) నిలబడి నమాజు చేయమని, అది కుదరకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకు ఒరిగి చేయమని బోధించారు (బుఖారీ). కాబట్టి కుట్లు ఆరే దాకా కూర్చుని, సైగలతో నమాజు చేయవచ్చు. గాయం మీది కట్టుకు నీళ్లు తగలకూడదంటే కట్టుపై తడి చేయి రాస్తే చాలు. నీళ్లే హాని చేస్తాయని డాక్టరు చెబితే తయమ్ముమ్ ఉంది. మూత్రపు గొట్టం ఉన్నన్నాళ్లు, ప్రతి నమాజు వేళకు కొత్తగా వుజూ చేసి నమాజు చేయాలి. గొట్టం ఉందని నమాజు వదిలేయకూడదు. జమాఅత్‌కు, జుమాకు రాలేకపోతే దోషం లేదు.

రమజాన్ విషయంలో ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు. దాత కోలుకున్న తరువాత డాక్టరు సరేనంటే రోజాలు పాటించవచ్చు. తప్పిపోయినవాటిని ఖజా చేస్తుంది. పుచ్చుకున్నవారి మందుల్లో కొన్ని పన్నెండు గంటలకొకసారి వేసుకోవాలి. మన దగ్గర సహర్ నుంచి ఇఫ్తార్ దాకా అంతకంటే ఎక్కువ సమయమే ఉంటుంది. పైగా నీళ్లు తగ్గితే కిడ్నీకి దెబ్బ. కాబట్టి డాక్టరును అడగకుండా రోజా ఉండటం సాహసమే తప్ప పుణ్యం కాదు. తరువాత కోలుకునే ఆశ ఉంటే ఖజా, శాశ్వతంగా పాటించలేమని తేలితే రోజుకొక పేదవానికి అన్నం పెట్టే ఫిద్యా (బఖర: 184) ఉన్నాయి.

చేసిన మేలు గుర్తుచేయకండి, పొందిన మేలు మరవకండి

దానం తరువాత అయిదేళ్లకో పదేళ్లకో ఒక చిన్న గొడవలో "నా కిడ్నీతో బతుకుతున్నావు" అనే మాట నోరు జారవచ్చు. విశ్వాసులు చేసిన దానాన్ని దెప్పిపొడుపులతో, మనసు నొప్పించి వ్యర్థం చేసుకోకూడదని ఖుర్ఆన్ హెచ్చరించింది (బఖర: 264). శరీరంలో భాగాన్నే ఇచ్చినవారు ఒక మాటతో ఆ పుణ్యాన్ని పోగొట్టుకుంటే ఎంత నష్టం!

పుచ్చుకున్నవారికీ ఒక బాధ్యత ఉంది. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞత చూపనివాడేనని దైవప్రవక్త (స) అన్నారు (అబూదావూద్, తిర్మిజీ). మందులు వేళకు వేసుకోవడం, పొగాకు మానడం, పరీక్షలకు వెళ్లడం ఆ కృతజ్ఞతలో భాగం. ఏడాదికోసారి దాతను కూడా రక్తపోటు, మూత్రం, క్రియాటినిన్ పరీక్షలకు తీసుకెళ్లడం మరో భాగం. ఇద్దరి చీటీలూ ఒకే సంచిలో ఉండాలి.

ఒకవేళ అన్ని జాగ్రత్తలు తీసుకున్నా కిడ్నీ నిలవకపోవచ్చు. అప్పుడు "వృథా అయింది" అనకండి. మన లెక్కలో పోయినది అల్లాహ్ లెక్కలో పోదు. కర్మలకు ఆధారం సంకల్పమే.

మసీదు, ఇరుగుపొరుగు చేయగలిగింది

ప్రభుత్వ ఆరోగ్య పథకం 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. దేనికి ఎంత వర్తిస్తుందో ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో ముందే అడగండి. పథకం ఆపరేషన్ ఖర్చు భరించినా, గది అద్దె, బస్సు చార్జీలు, పోయిన కూలి, ఏళ్ల తరబడి మందులు కుటుంబం మీదే పడతాయి. జబ్బు వల్ల పేదరికంలోకి, అప్పుల్లోకి జారిన కుటుంబం జకాత్‌కు అర్హమైతే వారి గౌరవం దెబ్బతినకుండా అందించండి. మొహల్లాలో ఆరు ఇళ్లవాళ్లు తలా ఒక వారం వంట పంపితే ఆ ఆరు వారాలూ గడిచిపోతాయి.

ఇంట్లో కలిసి మాట్లాడుకోండి

- మన ఇంట్లో భర్తకు కాక భార్యకు కిడ్నీ పాడైతే మనం ఇదే ఉత్సాహంతో దాతను వెతుకుతామా?
- ఇవ్వలేనని చెప్పే స్వేచ్ఛ మన ఇంటి కోడలికి నిజంగా ఉందా?
- ఆపరేషన్ తరువాత దాత దగ్గర ఎవరు కూర్చుంటారో పేరుతో సహా చెప్పగలమా?
- నలభై దాటిన మనలో ఎందరు రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుకున్నాం?

అల్లాహ్ మన దంపతుల మధ్య ప్రేమను, కారుణ్యాన్ని నిలిపి ఉంచుగాక! రోగులకు స్వస్థతను, ఇచ్చినవారికి ఆరోగ్యాన్ని, సేవ చేసినవారికి ఉత్తమ ప్రతిఫలాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.